కరిగితే అయానికమేనా?

సందేహం: బెంగళూరులో పదో తరగతి పిల్లలకు ఇంటి దగ్గర రసాయనశాస్త్రం తెలుగులో చెబుతాను. ‘కరిగినప్పుడు విద్యుత్తును ప్రసరింపజేసేది అయానిక సమ్మేళనం’ అని రాయించాను. హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా ప్రసరింపజేస్తుంది కదా, అదీ అయానికమేనా అని ఒక అమ్మాయి అడిగింది. తప్పు ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

సమాధానం: ‘కరిగినప్పుడు’ దగ్గరే ఉందండీ. ఉప్పు నీళ్లలో కరుగుతుంది, వెన్న వేడికి కరుగుతుంది. రెండింటికీ మనకు ఒకటే క్రియ. మీ చుట్టూ వినబడే కన్నడ ‘కరగు’దీ ఇదే తీరు. తమిళులు మాత్రం వేడికైతే ‘ఉరుగు’, నీళ్లలోనైతే ‘కరై’ అంటారు. వంటింట్లో ఇబ్బంది లేదు, పక్కనున్న పొయ్యో నీళ్లో అర్థం చెప్పేస్తాయి. నిర్వచనానికి ఆ ఆసరా ఉండదు.

సోడియం క్లోరైడ్‌కు రెండర్థాలూ సరిపోతాయి కాబట్టి లోపం పైకి తేలదు. 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవమైనా, నీళ్లలో కలిసినా విద్యుత్తు ప్రసరిస్తుంది. స్ఫటికంలో అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) ముందే ఉన్నాయి, కదిలే వీలు అప్పుడొస్తుంది, అంతే. హైడ్రోక్లోరిక్ ఆమ్లమంటే నీళ్లలో కలిసిన హైడ్రోజన్ క్లోరైడ్ వాయువే. ఆ వాయువులో ఉన్నవి సమయోజనీయ అణువులు, అంటే ఎలక్ట్రాన్లను పంచుకున్నవి, అయాన్లు కావు. చల్లబరచి ద్రవం చేసినా ప్రసరణ దాదాపు సున్నా. నీళ్లలో కలిపితేనే ఆ అణువు నీటి అణువుకు ప్రోటాన్ ఇచ్చేసి, హైడ్రోనియం, క్లోరైడ్ అయాన్లు పుడతాయి. అందుకని ఉప్పుకు ‘అయాన్లు విడిపోతాయి’ అని, ఆమ్లానికి ‘అయాన్లు ఏర్పడతాయి’ అని రాయించండి. మొదటిది వియోజనం, రెండోది అయనీకరణం. మాటలు రెండున్నది ఈ తేడా కోసమే. వాటిని పర్యాయపదాల్లా వాడేయడం మామూలైపోయింది.

మీ ఊరి చలికే సరిపోయే ఉదాహరణ ఒకటుంది. నీరు కలవని ఎసిటిక్ ఆమ్లం 16.6 డిగ్రీలకు గడ్డకడుతుంది. డిసెంబరు రాత్రి ల్యాబు సీసాలో గడ్డకట్టినది పొద్దెక్కాక ‘కరుగుతుంది’. అందులో తీగలు ముంచితే బల్బు వెలగదు. దాన్నే నీళ్లలో ‘కరిగిస్తే’ మసకగా వెలుగుతుంది. పలచని (0.1 మోలార్) ద్రావణంలో అయాన్లయ్యేవి నూటికి ఒకటి రెండు అణువులే మరి.

ఫార్ములా చూసి చెప్పాలంటే, లోహమూ అలోహమూ కలిస్తే అయానికం అన్నది చాలావరకు పనిచేస్తుంది. అమ్మోనియం క్లోరైడ్ దగ్గర బోల్తా కొడుతుంది. అందులో లోహం లేదు, అయినా అయానికమే.

మీ వాక్యాన్ని ‘వేడిచేసి ద్రవంగా మార్చినప్పుడు విద్యుత్తును ప్రసరింపజేసే సమ్మేళనం అయానికం’ అని మార్చండి. ‘ద్రవీభవించినప్పుడు’ అనక్కర్లేదు, పిల్లలకు నోరు తిరగదు. శుద్ధ సల్ఫ్యూరిక్ ఆమ్లం దీనికీ లొంగదు. దాని అణువులు తమలో తామే ప్రోటాన్లు మార్చుకుని, నీటి సాయం లేకుండానే విద్యుత్తును ప్రసరింపజేస్తాయి. ఆ అమ్మాయి అక్కడిదాకా వస్తే అప్పుడు చెప్పండి.