పరగడుపు మాత్ర, కొబ్బరి బోండాం

ప్రశ్న: అమ్మకి 58 ఏళ్లు. థైరాయిడ్‌కి 75 మైక్రోగ్రాముల మాత్ర, బీపీకి టెల్మిసార్టన్ 40, ఇంకా కాల్షియం వాడుతోంది. క్రియాటినిన్ 2.1. మందుల షాపులో అన్నీ పొద్దున్నే టీతో వేసేయమన్నారు. ఎండలకి రోజూ కొబ్బరి నీళ్లు ఇమ్మని ఆరోగ్య కార్యకర్త అన్నారు. డాక్టరుగారు తిండి ఊసే ఎత్తలేదు. ఎవరి మాట వినాలమ్మా?
- పాఠకురాలు, కవిటి

జవాబు: ముగ్గురికీ తెలిసింది తలా కొంచెమే. షాపతను రక్తపరీక్ష కాగితం చూడడు, కార్యకర్తకి ఏ మాత్రలో తెలీదు, డాక్టరుగారికి మీ ఇంట్లో టీ ఎన్నింటికో తెలీదు.

థైరాయిడ్ మాత్ర లేవగానే పరగడుపున, మంచినీళ్లతోనే వేయాలి. ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా టీ కూడా వద్దు. కాల్షియానికి, ఐరన్‌కి 4 గంటల ఎడం ఉండాలి. కాల్షియం ఈ మందుని పేగులోనే పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వదు. దాంతో రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే పెరిగే అంకె) పెరుగుతుంది. డోసు చాలలేదనుకుని డాక్టరు 100కి పెంచుతారు. ఇలా ఊరికే పెరిగిన డోసులు బోలెడు. కాల్షియాన్ని మధ్యాహ్నం భోజనానికి మార్చి, 6 నుంచి 8 వారాలకి టీఎస్‌హెచ్ మళ్లీ చేయించండి.

అంతకన్నా తొందరగా చూడాల్సింది కొబ్బరి నీళ్ల సంగతి. మీ ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి చెట్టు పెరట్లోనే ఉంటుంది, కాబట్టి లెక్క ఉండదు. 300 మిల్లీలీటర్ల నీళ్లున్న బోండాంలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టన్ పొటాషియాన్ని మూత్రంలో పోనివ్వకుండా ఆపుతుంది, క్రియాటినిన్ 2.1 అంటే కిడ్నీ దెబ్బతిన్నట్టే, అలాంటి కిడ్నీ అసలే దాన్ని వదిలించుకోలేదు. రక్తంలో అది 5.5 దాటితే గుండె లయ తప్పొచ్చు. పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు కూడా. ఈ వారంలోనే పొటాషియం పరీక్ష చేయించి, డాక్టరు చూసేదాకా బోండాం ఆపండి. టెల్మిసార్టన్ మాత్రం మీరుగా ఆపొద్దు, అది కిడ్నీకి మేలు చేసే మందే. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులోనూ పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, ప్యాకెట్ వెనక చూడండి.

ఈసారి మాత్రల షీట్లన్నీ సంచిలో వేసుకెళ్లి ఒక్కోటీ చూపించి అడగండి: ఏ వేళకి, దేనితో, దేనికి ఎంత ఎడం. ‘తిన్నాక’ అని ఊరుకుంటే మళ్లీ అడగండి.

ప్రశ్న: గుండె కవాటం మార్చారు, రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ వాడుతున్నాను. ఆకుకూరలు పూర్తిగా మానేయాలా?
- పాఠకుడు, రాజాం

జవాబు: అక్కర్లేదు. వారానికి రెండుసార్లు తోటకూర తినే అలవాటుంటే అలాగే తినండి. ఈ మందు విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది, ఆకుల్లో ఉండేది అదే. మీ డోసు మీరు రోజూ తినే తిండికి తగ్గట్టు కుదిర్చింది. ఆషాఢం వచ్చిందని రోజూ మునగాకు వండితే ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష అంకె) పడిపోయి కవాటం మీద గడ్డ కట్టొచ్చు. ఆకుకూరలు ఒక్కసారిగా మానేస్తే ఐఎన్‌ఆర్ పెరిగి చిగుళ్లలోంచి రక్తం రావచ్చు. జ్వరమొచ్చి అన్నం సయించకపోయినా, యాంటీబయాటిక్ మొదలుపెట్టినా 3 నుంచి 5 రోజుల్లో ఐఎన్‌ఆర్ చూపించుకోండి.