టీకా అంటే గూడెం ఖాళీ అయ్యేది... ఈసారి ఎలా చెప్పాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను ఆదిలాబాద్ జిల్లాలో ఆశా కార్యకర్తని. కోవిడ్ టైంలో మా గోండు గూడేనికి టీకా జీపు వస్తోందంటే చాలు, సగం మంది చేలల్లోకి వెళ్ళిపోయేవాళ్ళు. సూది వేస్తే చచ్చిపోతారని, పిల్లలు పుట్టరని భయం. రేపు మళ్ళీ అలాంటి జబ్బేదైనా వస్తే వీళ్ళకి ఎలా చెప్పాలి?

జవాబు: ముందు ఒక మాటమ్మా, వాళ్ళకి అవగాహన లేదు అనడం మనం మానేయాలి. 2020లో ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గు వినిపించి, చేతులు కడుక్కోండి, దూరం పాటించండి అనేవాళ్ళు కదా, బోరింగు దగ్గర బిందెలు వరసపెట్టే చోట, ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో అదెలా కుదురుతుందో చెప్పలేదు. 2021 మే 1న 18 ఏళ్ళు దాటినవాళ్ళకి టీకా మొదలుపెట్టి, 45 లోపువాళ్ళు ప్రభుత్వ టీకా వెబ్‌సైట్ కోవిన్‌లో ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటేనే వేస్తామన్నారు. సిగ్నలే అందని ఊళ్ళ సంగతేంటి? ప్రభుత్వ సెంటర్లలో నేరుగా వెళ్ళి పేరు రాయించుకునే వీలు మే 24న గానీ రాలేదు. కోవిషీల్డ్ టీకా రెండు డోసుల మధ్య ఎడం మొదట 4-6 వారాలన్నారు, మార్చిలో 6-8 అన్నారు, మేలో 12-16 చేశారు. కొత్త సమాచారం వచ్చేకొద్దీ మార్చడంలో తప్పు లేదు, కానీ ఎందుకు మారుస్తున్నారో విడమరిచి చెప్పకపోతే ఎవరికైనా అనుమానం రాదా?

అందుకే ఈసారి ఇబ్బందులు కూడా ముందే చెప్పండి. "ఏమీ కాదు" అని మాత్రం అనొద్దు. రాత్రికి జ్వరం రావచ్చు, ఒళ్ళు నొప్పులుంటాయి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి, ఈ పారాసిటమాల్ దగ్గరుంచుకో అని చెప్పి, మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి పలకరించండి. ఏమీ కాదన్నాక జ్వరం వస్తే ఆ ఇంటివాళ్ళే కాదు, గూడెమంతా మీ మాట నమ్మడం మానేస్తుంది. రెండు రోజుల కూలి పోతుందన్న దిగులు కూడా ఉంటుంది, పూట గడవడానికి ఆ కూలే ఆధారం మరి.

పిల్లలు పుట్టరన్న భయాన్ని వాదించి పోగొట్టలేరు. టీకా తర్వాత కాన్పయిన కోడలెవరైనా ఉంటే, ఆవిడకి ఇష్టమైతేనే, ఆవిడ చేత గోండిలో మాట్లాడించండి. 2021 జులైలో అప్పటి తెలంగాణ గవర్నర్ తమిళిసై గారు మహేశ్వరం మండలం కె.సి. తండాకి వెళ్ళి, తండావాళ్ళ మధ్యే రెండో డోసు వేయించుకున్నారు. మంచి పనే, కానీ మీ గూడెంలో మీ ఊరిపెద్ద పటేల్ ముందుగా చెయ్యి చాపితే దానికున్న బలం వేరు. ఆయన్ని చివర్లో పిలవకండి, టీకా క్యాంపు ఎప్పుడు పెడదాం, ఎక్కడ పెడదాం అని మొదట్లోనే అడగండి.

ఇంకొకటి, మీ పీహెచ్‌సీ డాక్టరుతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి: పత్తి ఏరే రోజుల్లో పొద్దున పదింటికి క్యాంపు పెడితే ఇళ్ళ దగ్గర ఎవరూ ఉండరు, పెడితే సాయంత్రం పెట్టాలి, లేదంటే సంత రోజు సంతలోనే పెట్టాలి.