జేబులో ఇమిడే చాకు

ప్రశ్న: ఆఫీసులో పార్సిళ్లు విప్పడానికి, పండ్లు కోసుకోవడానికి జేబు ఉబ్బకుండా ఉండే మడత చాకు ఏది కొనాలి? – ఒక పాఠకుడు, మైలాపూర్, చెన్నై

జవాబు: పొడవుకన్నా ముందు మందం చూడండి, మూసినప్పుడు సెంటీమీటరు దాటితే, కూర్చున్న ప్రతిసారీ తొడకు ఒత్తుకుంటుంది. విక్టోరినాక్స్ క్లాసిక్ అనే చిన్న స్విస్ చాకు మూస్తే 58 మిల్లీమీటర్ల పొడవే కాబట్టి టేపు కోయడానికి బాగుంటుంది గానీ, మామిడిపండుకు దాని బ్లేడు చాలదు. మీకు రెండున్నర అంగుళాల బ్లేడు ఉన్నదే నయం. కొనేముందు చాకు తెరిచి, బ్లేడును పక్కలకు కదిపి చూడండి, కీలు దగ్గర ఊగితే వద్దనండి. చెన్నై ఉప్పుగాలికి కార్బన్ స్టీలు త్వరగా తుప్పు పడుతుంది కనుక స్టెయిన్‌లెస్ స్టీలే తీసుకొని, పండు కోశాక కీలులోని రసం కడిగి, పూర్తిగా ఆరాకే మూయండి. విమానం ఎక్కే రోజున మాత్రం దాన్ని చెక్-ఇన్ సామానులో పెట్టాలి, చేతిసంచిలో అనుమతించరు.