ఎస్కమ్ చర్చి ఒకప్పుడు రోమన్ గుడా? – సమాధానం

గోడ మీద రోమన్ అక్షరాలున్నాయి కాబట్టి ఎస్కమ్ చర్చి ఒకప్పుడు రోమన్ గుడేనా అని ఫొటో పంపి అడిగారు. ఆ ఫొటోలో ఉత్తర గోడ మీద తలకిందులుగా ఉన్నవి రోమన్ సైన్యపు ఆరవ దళం పేరును సూచించే పొడి అక్షరాలే. అంతమాత్రాన మీరు అడిగినట్టు అది పాత రోమన్ గుడి అయిపోదు. ఇంగ్లండ్‌లోని డరమ్ ప్రాంతంలో ఈ చర్చిని కట్టింది 7వ శతాబ్దంలో, రోమన్ల పాలన ముగిసిన రెండు శతాబ్దాల తర్వాత. అప్పటికి దగ్గర్లోనే బిన్‌చెస్టర్ అనే రోమన్ కోట పాడుబడి ఉంది. చెక్కిన రాళ్లు ఉచితంగా దొరుకుతుంటే కొత్తవి ఎవరు చెక్కిస్తారు? అక్షరాలు తిరగబడ్డాయంటే మేస్త్రీకి చదువు రాలేదేమో, లేదా గోడ నిలిస్తే చాలనుకున్నాడేమో! లోపల బలిపీఠం ముందున్న ఎత్తైన ఇరుకు కమానును కూడా రోమన్ కట్టడం నుంచి విప్పి తెచ్చి పేర్చారని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. దక్షిణ గోడ మీది నీడగడియారం మాత్రం రోమన్ల తర్వాత ఇంగ్లండ్‌లో స్థిరపడి ఈ చర్చిని కట్టిన సాక్సన్లదే.