బతికున్నన్నాళ్లే అని రాసిస్తే?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా అమ్మ వాళ్ల జేజి భర్త 1934లో పాము కరిచి పోయారు. ఒక్కతే కూతురు. ఉమ్మడిలో ఉన్న మాగాణంతా మరిది కిందికి పోయింది. జేజికి మనోవర్తి (పోషణ ఖర్చు) కింద రెండెకరాలు రాసిచ్చారు, అదీ 'బతికున్నన్నాళ్లే' అని. ఇది మోసం కాదా? ఆ రెండెకరాలు ఎవరివి?

జవాబు: అన్యాయమేనమ్మా, కానీ ఆనాటి చట్టంలో మోసం కాదు. అన్నదమ్ములు పంచుకోకముందే ఒకరు మగపిల్లలు లేకుండా పోతే ఆయన వాటా మిగిలినవాళ్లదే. భార్యకు మనోవర్తి, కూతురికి పెళ్లిఖర్చు, అంతే. పంపకాలు అయ్యుంటే ఆయన వంతు జేజికే వచ్చేది, అయినా తగిన అవసరం చూపకుండా అమ్మే వీల్లేదు. అందుకే పాత దావాల్లో 'వేరుపడ్డారా లేదా' అనే గొడవే ఎక్కువ: పొయ్యిలు రెండని ఒకరు, పట్టా ఒకటేనని ఇంకొకరు! వితంతువులకు వాటా ఇచ్చిన 1937 చట్టం మీకు పనికిరాదు, ఆయన అంతకుముందే పోయారు.

ఇక రెండెకరాలు. హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చిన 1956 జూన్ 17 నాటికి జేజి బతికుండి, పొలం ఆమె స్వాధీనంలోనే ఉందా? ఉంటే ఆ 'బతికున్నన్నాళ్లే' చెల్లదు, పూర్తి హక్కు ఆమెదే. ఈ సంగతి తేల్చిన తులసమ్మ కేసు మన నెల్లూరు మున్సిఫ్ కోర్టులో వేసిన మనోవర్తి దావాతో మొదలైందే. ఆమె భర్త కూడా 1931లో ఉమ్మడిలో ఉండగానే పోయారు. సుప్రీంకోర్టు తీర్పు 1977లో వచ్చింది.

పాత అడంగల్ (పొలం ఎవరి సాగులో ఉందో రాసే ఊరి లెక్క) నకళ్లు తీసుకుని వకీలును కలవండి. జేజికి రాసిచ్చిన ఆ పాత కాగితాన్ని మాత్రం లామినేషన్ చేయించకండి.