అరికాళ్ల ‘మంట’ను ‘నొప్పి’ అని దిద్దాలా?

సందేహం: మధుమేహంపై కరపత్రంలో ‘అరికాళ్లలో మంటలు వస్తాయి’ అని రాశాను. దిద్దినవారు ‘మంటలంటే నిప్పు’ అని ‘నొప్పులు’గా మార్చారు. మిరపకాయ కొరికినా మంటే అంటాం కదా! ఏది సరి?

సమాధానం: ‘మంట’నే ఉంచండి. ‘మండు’ నుంచి వచ్చిన ఈ మాట పొయ్యికీ, పుండుకూ, కారానికీ సమానంగా చెల్లుతుంది. కారం మంట ఒట్టి పోలిక కాదు. నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం, అంటే వేడిని పసిగట్టే ద్వారంలాంటి ప్రొటీన్ ఉంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే అది తెరుచుకుంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ అంటినా అదే తెరుచుకుంటుంది. 1997లో దీన్ని పట్టుకున్న బృందానికి పెద్ద డేవిడ్ జూలియస్. ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది.

వేలికి పెనం తగిలితే ముందు ‘చురుక్కు’మంటుంది, ఆ వెనక మంట మొదలవుతుంది. చురుకును మైలిన్ అనే కొవ్వు తొడుగున్న నరాల పోగులు సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో మోస్తాయి. మంటను మోసేవి తొడుగులేని పోగులు, వాటి వేగం 2 మీటర్లు దాటదు. గోరుచుట్టు మాత్రం ‘సలుపుతుంది’. చీము బిగిసినచోట రక్తనాళం కొట్టుకున్నప్పుడల్లా పోటెత్తే నొప్పి అది. దాన్ని మంట అనకూడదు.

కరపత్రంలో ఈ తేడా చెరిపేస్తే రోగికే నష్టం. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్లుండటం, షాకు కొట్టినట్లుండటం నరమే దెబ్బతిన్నదనడానికి గుర్తులు. వీటికి మామూలు నొప్పి బిళ్లలు పెద్దగా పనిచేయవు. పైగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి రోజూ మింగితే మధుమేహ రోగి మూత్రపిండాలకు చేటు. నరాల మంటకు వైద్యులు డ్యులోక్సెటీన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ వంటివి రాస్తారు. 8 శాతం క్యాప్సైసిన్ పట్టీ కూడా ఉంది. మధుమేహ రోగుల పాదాల నరాల నొప్పికి అమెరికాలో 2020లో దానికి అనుమతి వచ్చింది. వైద్య సిబ్బంది దాన్ని పాదాలకు 30 నిమిషాలు అంటించి తీసేస్తారు. మళ్లీ వేయాలంటే కనీసం మూడు నెలలు ఆగాలి. మంట మోసే నరాల కొసలను అది కొంతకాలం మొద్దుబారుస్తుంది. 2025 జనవరిలో అమెరికాలోనే అనుమతి పొందిన సుజెట్రిజిన్ అనే మందు గురించి రాసేటప్పుడూ మాట జాగ్రత్త. నరాల్లో నొప్పి సంకేతాన్ని నడిపే ఎన్‌ఏవీ1.8 అనే సోడియం ద్వారాన్ని మూసే ఆ మందు శస్త్రచికిత్స, గాయం వంటివాటివల్ల అప్పటికప్పుడు వచ్చే నొప్పికే. దీర్ఘకాలపు అరికాళ్ల మంటకు ఆ అనుమతి వర్తించదు.

‘మంటలు’ అనే బహువచనం చూస్తే ‘మంటలు చెలరేగాయి’ వంటి వాడుక గుర్తుకొస్తుందన్నది ఒప్పుకోదగిన అభ్యంతరమే. అందుకు క్రియను వాడండి: ‘అరికాళ్లు మండుతున్నా, తిమ్మిరెక్కుతున్నా, మొద్దుబారినా వైద్యునికి అదే మాటతో చెప్పండి.’