తొమ్మిది శాతం ఛార్జింగ్

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

సైన్స్ ఫిక్షన్ సినిమాల మీదా, ఆటల మీదా రాసి కాశీనగరం నుంచి నువ్వు పంపిన పన్నెండు పేజీలూ అందాయి. దస్తూరి ముచ్చటగా ఉంది. కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకు పంపాలి, వీడియో గేములను సాహిత్యం సరసన కూర్చోబెట్టవచ్చా అని మూడు ప్రశ్నలు అడిగావు. వాటి సంగతి తర్వాత చూద్దాం. చదువుతూ నేను పెన్సిలుతో ఒక లెక్క వేశాను. 'గ్రాఫిక్స్' అనే మాట పంతొమ్మిదిసార్లు వచ్చింది. అదిరిపోయిన గ్రాఫిక్స్, తేలిపోయిన గ్రాఫిక్స్, హాలీవుడ్‌కు తీసిపోని గ్రాఫిక్స్. చివరి పేజీలో "మన దగ్గర అంత డబ్బు లేదు కనుక మనకు మంచి సైన్స్ ఫిక్షన్ రాదు" అని తీర్పు కూడా చెప్పేశావు. ఆ వాక్యం లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ఈ కళలో ఊహ లేమిలోంచే పుట్టిందని నేను ముప్పై ఏళ్లుగా వాదిస్తున్నాను, మా ఇంట్లోవాళ్లు సైతం విసుక్కునేటంతగా. 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్' ధారావాహికలో మనుషులు అంతరిక్ష ఓడలో మాయమై గ్రహం మీద ప్రత్యక్షమవుతారు కదా. వారం వారం ఓడ నేలకు దిగినట్టు చూపించే ఖర్చు భరించలేక కల్పించుకున్న ఉపాయం అది. 1978 నాటి 'స్పేస్ ఇన్వేడర్స్' ఆటలో శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవాళ్లు వేగం పుంజుకుంటారు. అన్ని బొమ్మలను ఒకేసారి కదిపే సత్తువ ఆ యంత్రానికి లేదు. బొమ్మలు తగ్గినకొద్దీ దానికి పని తేలికై నడక పెరిగేది. ఆటను తయారుచేసిన నిషికాదో దాన్ని సరిదిద్దకుండా అలాగే ఉంచేశాడు. ఆఖరున మిగిలిన ఒక్కటి తెరకు అడ్డంగా పరుగులు తీస్తుంటే గుండె దడదడలాడేది ఆ లోపం పుణ్యాన్నే.

'ఆదిత్య 369' వచ్చిన 1991లో ఆ సినిమా కోసం నేను ఇక్కడ చిన్న రైలెక్కి టెక్కలి వెళ్లాను. నలభై కిలోమీటర్లు కూడా లేని దూరానికి ఆ న్యారోగేజి బండి పూటంతా తినేసేది. కుర్రవాళ్లు దిగి, పక్కన నాలుగడుగులు నడిచి, మళ్లీ ఎక్కేవారు. ఆ బండి దిగినవాణ్ణి సినిమావాళ్లు రాయలవారి కొలువుకూ, అక్కడినుంచి 2504కూ తీసుకుపోయారు. ఆ కాలయంత్రం మెరుపులేవీ ఇప్పుడు నాకు గుర్తు లేవు. నేల మీద బతికే వీలు లేక మనుషులు భూగర్భంలో కాపురం ఉంటున్నారన్న సంగతి మాత్రం తిరుగు ప్రయాణమంతా నన్ను వదలలేదు. కథకుడు ఒక నియమం పెట్టాలి, దాని ఖరీదు పాత్రల చేత పైసాతో సహా కట్టించాలి. నేను చూసేది అంతే. 2014లో వచ్చిన 'ఇంటర్‌స్టెల్లార్'లో ఆ నీటి గ్రహం మీద గంట గడిస్తే భూమి మీద ఏడేళ్లు గడుస్తాయి. నువ్వు అక్కడి అలల గురించి ఒక పేరా రాశావు. ఓడకు తిరిగి వచ్చిన తండ్రి, పిల్లలు పంపిన ఇరవై మూడేళ్ల సందేశాలను కూర్చుని చూసే ఘట్టం గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆ ఘట్టానికి కావలసినదల్లా ఒక తెర, ఒక మనిషి ముఖం. దానికి ఎంత డబ్బు పట్టింది, చెప్పు?

ఈ మాటలనే ఒకప్పుడు వ్యాసంగా రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు దాన్ని సగానికి కోసి పిల్లల పేజీలో వేసి, "మీ ఒడిశా తెలుగు మా పాఠకులకు ఎక్కదు" అని కార్డు ముక్క రాశాడు. ఆయన కొట్టేసిన మాట 'గుంటడు', అంటే మా వైపు కుర్రాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ఆ కార్డు చదువుకున్నాను. ఇప్పటివాళ్లు కోయడం మానేశారు. అయిదు నక్షత్రాలకు ఎన్ని వేస్తారని మాత్రం అడుగుతారు.

నీ ఏడో పేజీలో నాలుగు వరుసలు రాసి అడ్డంగా కొట్టేశావు. కాగితాన్ని కిటికీకి ఎత్తిపట్టుకుని చదివాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కరెంటు పోయిన రాత్రి ఇంట్లో ఒక్క ఫోనులోనే తొమ్మిది శాతం ఛార్జింగ్ మిగిలింది. నువ్వూ, మీ చిన్నాన్న పిల్లలూ తెర వెలుగు బాగా తగ్గించి అంతరిక్ష ఓడల ఆట ఆడారు. ఓడకున్న ప్రాణాలను తలకొకటి చొప్పున పంచుకున్నారు. మధ్యలో మీ మామ్మ ఫోను లాక్కుని ఆ వెలుతురులో అటుకుల డబ్బా వెతుక్కున్నది.

నాయనా, ఇది కొట్టేసి గ్రాఫిక్స్ ఉంచావా? అటుకుల డబ్బాకు ఎంత ఛార్జింగ్ ఖర్చయింది? ఆఖరి ప్రాణం ఎవరి వాటాకు వచ్చింది? ఫోను ఆరిపోయేటప్పటికి ఓడ ఎక్కడుంది? తెల్లవారాక ఎవరికైనా కబురు చేయవలసి వస్తే ఎలా చేశారు?

మిగతా పదకొండు పేజీలు నా దగ్గరే ఉంచుకుంటున్నాను. ఏడోది ఈ కవరులో పెట్టాను. నువ్వు కొట్టేసిన వరుసల చుట్టూ పెన్సిలుతో గీత గీశాను, చూసుకో.